అగ్నిగుండం ఒకవైపు, బిస్మిల్లా ఇంకోవైపు: ఈ నాణెం అసలుదేనా?

పాతచిల్లర
అందరికీ నమస్కారం. నాకు నాణేల పిచ్చి ఉందని ఇక్కడ పాతవాళ్లకి తెలుసు. మస్కట్‌లో పనిచేసే మా బావమరిది నిన్న వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. అక్కడ ఏదో పాత సామాన్ల కొట్లో చూశాడట, పల్చటి వెండి నాణెం. "ఇస్లాం వచ్చిన కొత్తల్లోది, పదమూడు వందల ఏళ్ల నాటిది" అని కొట్టువాడి మాట.

చూస్తే ఒకవైపు రెక్కల కిరీటం పెట్టుకున్న గడ్డం రాజు. వెనక్కి తిప్పితే మధ్యలో మంట మండుతున్న వేదిక, దానికి అటూ ఇటూ ఇద్దరు కాపలా మనుషులు. రాజుబొమ్మ పక్కన అంచులో మాత్రం సన్నగా అరబ్బీ అక్షరాలు. "బిస్మి" దాకా ఉంది, ఆ తర్వాత లేదు. అంచంతా కత్తెరతో కోసినట్టు వంకరటింకరగా ఉంది.

ఇస్లాంలో బొమ్మలే ఉండవంటారు, అందులోనూ అగ్నిపూజా? పార్సీల నాణెం మీద ఎవడో నాలుగు అక్షరాలు చెక్కి మావాడికి అంటగడుతున్నాడని నా అనుమానం. మీరేమంటారు?

జహీర్_ఖమ్మం
అన్నా, బిస్మిల్లా పక్కన అగ్నిగుండమా! నాకూ అనుమానమే. మాస్టారు వచ్చేదాకా డబ్బులు ఇవ్వొద్దని చెప్పండి మీ బావమరిదికి.

లెక్కలమాస్టారు
వచ్చాను. తొందరపడి నకిలీ అనకండి. ఇలాంటి నాణేలు నిజంగానే ఉన్నాయి, బోలెడు దొరికాయి కూడా. అరబ్-ససానియన్ నాణేలంటారు వీటిని. ససానియన్లంటే ఇస్లాంకు ముందు ఇరాన్‌ని ఏలిన రాజవంశం.

630ల్లో అరబ్బు సైన్యాలు ఇరాక్‌లోకి దిగాయి. 651లో చివరి ససానియన్ చక్రవర్తి మూడో యజ్దగర్ద్ మెర్వ్ దగ్గర హతమయ్యాడు. రాజు పోయాడు గానీ టంకశాల ఎక్కడికీ పోలేదు. అచ్చు చెక్కేవాడు, వెండి కరిగించేవాడు, లెక్క రాసేవాడు మర్నాడు కూడా పనికి వచ్చారు. సంతలో జనానికి అలవాటైన నాణెం పాత ససానియన్ రాజు రెండో ఖుస్రో బొమ్మది. ఉన్నట్టుండి కొత్త నాణెం ఇస్తే గొర్రెలమ్మేవాడు తీసుకోడు కదా. అందుకని అదే రాజు, అదే గుండం, అదే పహ్లవీ లిపి, అంటే అప్పటి పార్సీ లిపి. కొత్తగా చేరింది అంచులో ఒక్క బిస్మిల్లా.

కొన్నాళ్లకి రాజు పేరుండే చోట గవర్నర్ పేరు వచ్చింది. అదీ పహ్లవీ లిపిలోనే! బస్రా గవర్నర్ ఉబైదుల్లా ఇబ్న్ జియాద్ పేరుతో వేసినవి చాలా ఉన్నాయి.

జహీర్_ఖమ్మం
ఆగండి ఆగండి. ఉబైదుల్లా ఇబ్న్ జియాదా? 680లో కర్బలాలో ఇమాం హుస్సేన్ మీదికి సైన్యాన్ని పంపినవాడు? మా ఊళ్లో పీర్ల పండుగ పదిరోజులూ ఆ పేరు తిట్లు తింటూనే ఉంటుంది. ఆయన పేరు అగ్నిగుండం ఉన్న నాణెం మీద ఉందంటే మా నానమ్మ "చూశావా, నేను చెప్పలే" అంటుంది.

లెక్కలమాస్టారు
నానమ్మగారికి నిజం చెప్పండి. అందులో ఆయన ప్రత్యేకంగా చేసిన పాపమేం లేదు. అప్పట్లో తూర్పు వైపు గవర్నర్లందరూ అదే పని చేశారు. సిరియా వైపు చూస్తే బైజాంటియన్, అంటే తూర్పు రోమన్, చక్రవర్తి బొమ్మల నమూనాలు నడిచాయి. దీనార్ అన్న మాట రోమన్ల డెనారియస్ నుంచి, దిర్హం గ్రీకుల డ్రాక్మా నుంచి వచ్చాయి. పేర్లే అరువు, ఇక బొమ్మలదేముంది.

సూటిగా
ఇంత సహనం ఉన్నవాళ్లయితే ఇరాన్, ఈజిప్టు మొత్తం ముస్లింలు ఎట్లా అయ్యాయి సార్? మెడ మీద కత్తి పెట్టే కదా. నాణేల కథలు చెప్పి అసలు విషయం దాటేస్తున్నారు.

విశాఖ_వాసంతి
సూటిగా గారూ, దాటెయ్యక్కర్లేదు, మాట్లాడదాం. దండయాత్రలు దండయాత్రలే. ఊళ్లు పట్టుకున్నారు, మనుషుల్ని బానిసలుగా తీసుకెళ్లారు. ఎవరూ కాదనరు. కానీ మతం మార్పిడి కథ మీరు చెప్పినట్టు నడవలేదు, ఇంకా విచిత్రంగా నడిచింది.

ముస్లిమేతరులు జిజ్యా అనే తలపన్ను కట్టాలి. మతం మారితే ఆ పన్ను పోవాలి. మరి ఊరంతా మారిపోతే ఖజానా గతేంటి? ఇరాక్‌లో రైతులు మతం మారి, పొలాలు వదిలేసి బస్రా, కూఫా పట్టణాలకు వలస వచ్చేస్తుంటే గవర్నర్ హజ్జాజ్ వాళ్లను పట్టుకుని వెనక్కి పంపించాడు. చేతి మీద వాళ్ల ఊరి పేరు వేయించి మరీ పంపాడని చెబుతారు. మారినా సరే, పన్ను కట్టాల్సిందే.

ఇలా కొత్తగా మారినవాళ్లని మవాలీ అనేవారు. ఏదో ఒక అరబ్బు తెగకు అంటిపెట్టుకుని ఉండాలి, సైన్యంలో జీతం తక్కువ, అసలు ఉండకపోవచ్చు కూడా. 717లో ఖలీఫా అయిన రెండో ఉమర్‌కి ఇది నచ్చలేదు. ఖజానా తగ్గిపోతోందని ఒక అధికారి మొత్తుకుంటే, "దేవుడు ముహమ్మద్‌ని దారి చూపడానికి పంపాడు గానీ పన్ను వసూలుకి కాదు" అని రాశాడని చరిత్రకారులు చెబుతారు. ఆయన మూడేళ్లు కూడా పాలించలేదు. ఆ తర్వాత మళ్లీ మామూలే.

ఈజిప్టు, ఇరాన్‌లలో ముస్లింలు సగానికి మించడానికి వందల ఏళ్లు పట్టింది. "వెంటనే కత్తితో" అంటే లెక్క కుదరదు.

సూటిగా
మారొద్దని పాలకులే ఆపారా? ఇది నేను వినలేదు. సరే, చదువుతాను.

వేదిక నిర్వాహకుడు
ఈ దారం చక్కగా నడుస్తోంది. ఇప్పటి రాజకీయాల గురించి వచ్చిన మూడు వ్యాఖ్యలు తీసేశాను. ఏడో శతాబ్దంలోనే ఉందాం, కావాలంటే ఎనిమిదికి రండి.

పట్వారీమనవడు
నేను లెక్కల మాస్టారు చెప్పిన టంకశాల ముచ్చట దగ్గరే ఆగిపోయిన. రాజు మారినా లెక్క రాసేటోడు మారలేదన్నరు చూడండి, అది మా ఇంటి కథ. మా తాత నల్లగొండ దిక్కు పట్వారీ. నిజాం పోయినా ఆయన పట్వారీయే. పహాణీ, సేత్వార్, జమాబందీ అన్నీ ఆ పేర్లతోనే ఉండె. 1985 దగ్గర పట్వారీ పని పోయినంక కూడా ఊరోళ్లు భూమి తగాదా వస్తే ఆయన దగ్గరికే వచ్చేది.

నా ప్రశ్న ఏందంటే, మరి లెక్కల భాష ఎప్పుడు అరబ్బీ అయింది? మన దగ్గర హైదరాబాద్ రాజ్యంలో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది 1880లలో. ఫార్సీ మున్షీలు ఎంత ఏడ్చి ఉంటరో.

లెక్కలమాస్టారు
మంచి ప్రశ్న వేశారు. దీనికి సమాధానం అబ్దుల్ మలిక్. 685 నుంచి 705 దాకా ఖలీఫా. ఆయన గద్దెనెక్కేనాటికి సగం రాజ్యం ఆయనది కాదు. మక్కాలో ఇబ్న్ జుబైర్ నేనే ఖలీఫానంటున్నాడు. 692లో ఆయన్ని ఓడించేదాకా అంతర్యుద్ధమే. జెరూసలేంలో బంగారు గుమ్మటం ఉన్న ఆ కట్టడం, లోపల హిజ్రీ 72 అని రాసి ఉంటుంది, అది కట్టించింది ఈయనే.

ఇల్లు చక్కబడ్డాక మొదలుపెట్టాడు. ముందు బొమ్మ మార్చాడు. బంగారు నాణెం మీద బైజాంటియన్ చక్రవర్తి పోయి, కత్తి మీద చెయ్యి వేసి నిలబడ్డ ఖలీఫా బొమ్మ వచ్చింది. అది మూడు నాలుగేళ్లు నడిచింది. హిజ్రీ 77లో, అంటే 696-97లో, బొమ్మే తీసేశాడు. బంగారు దీనార్ మీద రెండు వైపులా అక్షరాలే. అల్లా ఒక్కడే, ఆయనకు సాటి లేరు అని. ఒకట్రెండేళ్లకి వెండి దిర్హం కూడా అలాగే వచ్చింది. ఇస్లామిక్ నాణెం అనగానే మనకు గుర్తొచ్చే రూపం అక్కడ పుట్టింది. ప్రవక్త పోయిన అరవై ఏళ్ల తర్వాత!

అదే ఊపులో దివాన్లు, అంటే లెక్కల కచేరీలు. మన దివాణం ఆ మాటే. ఇరాక్‌లో పహ్లవీలో, సిరియాలో గ్రీకులో ఉండేవి. వాటిని అరబ్బీలోకి మార్చమన్నాడు.

విశాఖ_వాసంతి
మాస్టారూ, జాదాన్ ఫర్రూఖ్ కథ నేను చెప్తానండీ, మీరు క్లాసు చెప్పినట్టు చెప్తారు.

ఇరాక్ దివాన్‌లో పెద్ద గుమాస్తా జాదాన్ ఫర్రూఖ్, పార్సీ. ఆయన కింద సాలిహ్ అని ఒక కుర్రాడు. యుద్ధఖైదీ కొడుకు, రెండు భాషలూ వచ్చు. హజ్జాజ్‌కి వీడు తెగ నచ్చేశాడు. కుర్రాడు భయపడి గురువు దగ్గరకెళ్లి "దొరగారు నన్ను మీకంటే పైన కూర్చోబెట్టేట్టున్నారు" అన్నాడు. "ఆయనకి నా అవసరమే ఎక్కువ, లెక్కలు నాకు తప్ప ఎవరికీ రావు" అన్నాడు గురువు. "నేను అరబ్బీలో రాయగలను" అన్నాడు శిష్యుడు. ఏదీ కొంచెం రాసి చూపించమన్నాడు. చూపించాడు. గురువు మొహం మాడిపోయింది. "జబ్బు అని చెప్పి ఇంట్లో పడుకో" అన్నాడు. హజ్జాజ్ ఏకంగా వైద్యుణ్ణి పంపాడు, జబ్బేం లేదని తేలింది.

తర్వాత ఒక తిరుగుబాటు గొడవలో జాదాన్ చనిపోయాడు. సాలిహ్ ఆ కుర్చీలోకి వచ్చాడు, అరబ్బీ పని మొదలైంది. అప్పుడు జాదాన్ కొడుకు వచ్చి అడిగాడు: పదోవంతుకి మేం వాడే మాటకి నువ్వేం రాస్తావు? దాంట్లో సగానికి? "పైన ఇంకొంచెం" అనేదానికి? అన్నిటికీ సాలిహ్ అరబ్బీ మాట చెప్పాడు. "నాకు చేతకాలేదు" అని హజ్జాజ్‌తో చెప్పు, లక్ష దిర్హంలు ఇస్తామన్నారు. వద్దన్నాడు. "నువ్వు ఫార్సీ వేరు నరికినట్టే దేవుడు నీ వేరు నరకాలి" అని శపించి వెళ్లిపోయాడట కొడుకు.

నాకు నచ్చేదేంటంటే, గొడవంతా భిన్నాల దగ్గర. మతం మాటే లేదు.

పట్వారీమనవడు
మా తాత కూడా అట్లనే అనేది. "రాజుని మార్చొచ్చు గానీ దస్త్రం చదివేటోణ్ని మార్చలేరు" అని. అయితే మార్చిన్రన్నమాట.

సూటిగా
సిరియాలో కూడా ఇలాంటి కథ ఉందా?

లెక్కలమాస్టారు
ఉంది. కొంచెం కంపు కథ. ఒక గ్రీకు గుమాస్తాకి సిరాలో పోసుకోవడానికి నీళ్లు దొరకలేదట. సిరాబుడ్డిలో మూత్రం పోశాడట. ఖలీఫాకి తెలిసి ఒళ్లు మండి, దివాన్ మొత్తం అరబ్బీలోకి మార్చమన్నాడట. ఆ పని ఏడాదిలో పూర్తిచేసిన సులైమాన్ ఇబ్న్ సాద్‌కి జోర్డాన్ జిల్లా ఒక ఏడాది శిస్తు బహుమానం. పెద్ద గుమాస్తా సర్జూన్ బయటికొచ్చి తనవాళ్లతో "ఇక వేరే బతుకుతెరువు చూసుకోండి" అన్నాడట.

ఈ రెండు కథలూ రాసింది బలాజురీ. ఆయన చనిపోయింది 892లో. అంటే రెండొందల ఏళ్ల తర్వాతి మాట. "ఒక్క సిరాబుడ్డి వల్ల రాజభాష మారింది" అంటే నేను నమ్మను, కథ బాగుంటుంది గానీ. ఈజిప్టు ఇసుకలో దొరికిన పపైరస్ కాగితాలు వేరే సంగతి చెబుతాయి. అక్కడ దివాన్ 705-06లో అరబ్బీకి మారిందంటారు. కానీ 709లో వచ్చిన గవర్నర్ ఖుర్రా ఇబ్న్ షరీక్, అఫ్రోదితో అనే ఊరి పెద్ద బాసిలియోస్‌కి రాసిన ఉత్తరాలు గ్రీకులోనూ ఉన్నాయి, అరబ్బీలోనూ ఉన్నాయి. పల్లె లెక్కలు ఈజిప్టువాళ్ల సొంత భాష కాప్టిక్‌లో నడిచాయి. పై కచేరీలో అరబ్బీ, కింద ఎవడి భాష వాడిది. గ్రీకు పూర్తిగా పోవడానికి ఇంకో రెండు మూడు తరాలు పట్టింది.

ఆ ఉత్తరాలు చదివితే ఖలీఫాల చరిత్రంతా ఇంకోలా కనిపిస్తుంది. పన్ను బకాయి ఇంకా రాలేదేం? పారిపోయిన కూలీలను పట్టుకున్నావా లేదా? డమాస్కస్ మసీదు పనికి మనుషుల్ని పంపు. జెరూసలేంకి పంపు. ఓడలకి కళాసీలు కావాలి. మండలాఫీసుకి పైనుంచి వచ్చే మెమోల్లా ఉంటాయి.

జహీర్_ఖమ్మం
అంటే డమాస్కస్ జామా మసీదు కట్టడంలో ఈజిప్టు క్రైస్తవ పల్లెల కూలీలు కూడా ఉన్నారా!

లెక్కలమాస్టారు
ఉన్నారు. వాళ్ల కూలీ, తిండి ఖర్చు కూడా ఆ ఊరే పెట్టుకోవాలి. బాసిలియోస్ అనే ఆయన ఎన్ని నిద్రలేని రాత్రులు గడిపాడో.

వీటన్నిటికంటే పాతది ఒకటుంది, నాకు చాలా ఇష్టం. వియన్నాలో ఉంది. 643 ఏప్రిల్‌లో రాసిన రసీదు, హిజ్రీ 22 అని తేదీ స్పష్టంగా ఉంది. పైన గ్రీకు, కింద అరబ్బీ. ఈజిప్టులోని అహ్నాస్ దగ్గర అబ్దుల్లా ఇబ్న్ జాబిర్ అనే సేనాని అబూ ఖీర్ కొడుకుల ప్రతినిధుల నుంచి గొర్రెలు తీసుకున్నాడు. యాభై గొర్రెలు, ఇంకో పదిహేను గొర్రెలు, ఓడలవాళ్లకి, గుర్రపు దళానికి కోసి పెట్టడానికి. ప్రవక్త చనిపోయి పదకొండేళ్లు కూడా కాలేదు. అప్పటికే సైన్యం ఊరి మీద పడి తిన్నదానికి రసీదు ఇస్తోంది. వెనకవైపు ఆ గొర్రెలన్నీ ఈ ఏడాది పన్నులో జమ అని గ్రీకులో ఎవరో రాసుకున్నారు.

పట్వారీమనవడు
యాభై అని ఒకసారి, పదిహేను అని ఇంకోసారి. రెండుసార్లు వేరేగా వచ్చి తోలుకపోయిన్రు మాస్టారూ. లేకుంటే అరవై అయిదు అనే రాస్తరు. పట్వారీ ఇంట్ల పుట్టినోణ్ని, ఇది నా అంచనా, పందెం కాదు.

విశాఖ_వాసంతి
😄 బాగుంది. ఇంకో సంగతి. పట్వారీమనవడు గారూ, మీ తాతగారి పుస్తకాల్లో ఫసలీ, అదే పంటల సంవత్సరం, ఉంటుంది కదా?

పట్వారీమనవడు
అన్నిట్ల ఉంటది. జూలైకి మారే లెక్క.

విశాఖ_వాసంతి
ఆ తలనొప్పి బాగ్దాద్‌లో కూడా ఉండేది. హిజ్రీ ఏడాది చంద్రుణ్ణి బట్టి, పంట సూర్యుణ్ణి బట్టి. ఏటా పదకొండు రోజులు జారుతుంది. పాత పార్సీ ఏడాదిలో మూడొందల అరవై అయిదు రోజులే, అప్పుడప్పుడూ చేర్చే అదనపు నెల మానేసరికి నౌరోజ్, అంటే వాళ్ల ఉగాది, ముందుకి జరిగిపోయింది. పన్ను మొదలయ్యేది నౌరోజ్ నుంచి. పైరు పచ్చగా ఉండగానే అమీనా వచ్చి నిలబడేవాడు. 895లో ఖలీఫా ముఅతజిద్ పన్నుల నౌరోజ్‌ని జూన్ 11కి మార్చాడు. మన దగ్గర ఫసలీ పుట్టింది కూడా ఇదే బాధతో, అక్బర్ కాలంలో. జమ, ఖర్చు, వసూలు, బాకీ... కచేరీ మాటలన్నీ అరబ్బీ నుంచి ఫార్సీ మీదుగా మన నోట్లోకి వచ్చినవే.

పాతచిల్లర
దారం పెట్టింది నేనే, నేనే తప్పిపోయాను. చివరికి ఈ గుమాస్తాలు ఏమయ్యారు? పీకేశారా?

విశాఖ_వాసంతి
పీకేస్తే కచేరీ ఎలా నడుస్తుంది? అరబ్బీ నేర్చుకున్నారు. ఎంత బాగా నేర్చుకున్నారంటే, అరబ్బీ వచనం అంటే ఇలా ఉండాలని వాళ్లే నేర్పారు.

మన చిన్నయసూరి పంతులుగారి పుణ్యమా అని మిత్రలాభం, మిత్రభేదం అందరం బళ్లో చదువుకున్నాం. కరటక దమనకులు గుర్తున్నారు కదా, రెండు నక్కలు? ఆరో శతాబ్దంలో పంచతంత్రం పహ్లవీలోకి వెళ్లింది. ఎనిమిదో శతాబ్దంలో అక్కణ్ణుంచి అరబ్బీలోకి. కరటక కలీలా అయ్యాడు, దమనక దిమ్నా అయ్యాడు. అరబ్బీలో రాసింది ఇబ్నుల్ ముఖఫ్ఫా. ఆయన తండ్రి ఇరాక్ పన్నుల కచేరీలో పార్సీ గుమాస్తా. లెక్కలో డబ్బు తేడా వచ్చిందని గవర్నర్ కొట్టించాడు. చెయ్యి వంకరపోయింది. ముఖఫ్ఫా అంటే అదే, చెయ్యి ముడుచుకుపోయినవాడు. కొడుకు జీవితాంతం "వంకరచేతివాడి కొడుకు" అనే పేరుతోనే బతికాడు. మనం ఇవాళ గౌరవంగా పలికే పేరు అది!

750లో ఉమయ్యాలు, అంటే అబ్దుల్ మలిక్ వంశం, పడిపోయి అబ్బాసీ వంశం ఖలీఫాలు వచ్చారు. ఖలీఫా మన్సూర్‌కి వాళ్ల బాబాయ్ ఎదురుతిరిగి ఓడిపోయాడు. ప్రాణానికి హామీపత్రం రాయాలి. ఆ రాతపని మన ఇబ్నుల్ ముఖఫ్ఫాకి వచ్చింది. గుమాస్తా బుర్ర కదా, ఒక్క సందు కూడా వదల్లేదు. ఖలీఫా ఈ మాట తప్పితే ఆయన భార్యలకు విడాకులైనట్టే, బానిసలు విడుదలైనట్టే, ప్రజలు ఆయనకు విధేయులుగా ఉండక్కర్లేదు, అని రాశాడు. మన్సూర్ చదివి "ఇది రాసిందెవడు?" అన్నాడట. కొన్నాళ్లకి ఇబ్నుల్ ముఖఫ్ఫా బస్రా గవర్నర్ చేతిలో ఘోరంగా చనిపోయాడు. నలభై కూడా నిండలేదంటారు.

సూటిగా
పత్రం గట్టిగా రాసినందుకు చంపారా? దారుణం.

లెక్కలమాస్టారు
అదొక్కటే కారణమని అందరూ ఒప్పుకోరు. ఆ గవర్నర్‌ని ఆయన నలుగురిలో ఎగతాళి చేసేవాడనీ, ఆ కక్ష కూడా ఉందనీ అంటారు. కానీ హామీపత్రం కథ పాత పుస్తకాల్లో గట్టిగానే ఉంది.

చిల్లర గారూ, మీ నాణెం సంగతి మర్చిపోలేదు. మీ బావమరిదిని దాన్ని తూకం వేయించమనండి. పాత ససానియన్ తూకమైతే నాలుగు గ్రాముల చుట్టుపక్కల ఉండాలి.

పాతచిల్లర
వేయించాడు మాస్టారూ, పక్కనే బంగారం కొట్టుంది. 2.94 గ్రాములు. అంటే ఒక గ్రాము తక్కువ. నకిలీయేనా?

జహీర్_ఖమ్మం
2.94? ఆగండి, ఈ అంకె నాకు తెలుసు. జకాత్ లెక్క, అంటే మేం ఏటా ఇవ్వాల్సిన దానం లెక్క. రెండొందల దిర్హంల వెండి, ఇరవై దీనార్ల బంగారం ఉంటే జకాత్ కట్టాలి. మన దగ్గర ఏడున్నర తులాల బంగారం, యాభై రెండున్నర తులాల వెండి అని లెక్కేస్తారు. కానీ మా అన్న జిద్దాలో ఉంటాడు, అక్కడ 85 గ్రాముల బంగారం, 595 గ్రాముల వెండి అంటారు. 595ని 200తో భాగిస్తే 2.975!

లెక్కలమాస్టారు
సెభాష్ జహీర్! అదే. అబ్దుల్ మలిక్ కొత్త దీనార్ తూకం 4.25 గ్రాములు. పది దిర్హంలు ఏడు దీనార్ల బరువు తూగాలి, అది లెక్క. 4.25ని ఏడుతో గుణించి పదితో భాగించండి. 2.975.

ఇప్పుడు అంచు చూడండి. కొత్త దిర్హం మూడు గ్రాముల లోపు, పాతది నాలుగు. రెండూ బజార్లో ఒకేచోట నడుస్తుంటే జనం ఏం చేస్తారు? పాత నాణేలను చుట్టూ కత్తిరించి కొత్త తూకానికి తెచ్చారు. మిగిలిన ముక్క వెండి వాడి జేబులోకి. ఇలా కత్తిరించినవి చాలానే దొరికాయి. మీ నాణెం మీద బిస్మిల్లాలో సగం అలా పోయి ఉంటుంది. చేత్తో పట్టుకుని చూడకుండా ఒట్టేసి చెప్పలేను గానీ, నకిలీ చేసేవాడు అంత లెక్కగా కత్తిరిస్తాడా?

పట్వారీమనవడు
కత్తిరించినోడు మాత్రం మావోడే. తూకం చూసి, సరిగ్గా ఎంతవరకో అంతే కోసిండు.

పాతచిల్లర
వెంటనే కొనెయ్యమని మావాడికి ఫోన్ చేశాను. పొద్దున ఎవరో తీసుకెళ్లిపోయారట. ఫొటో ఒక్కటే మిగిలింది, అదైనా ఇక్కడ పెడుతున్నాను. జహీర్, నానమ్మగారికి చూపించు.

జహీర్_ఖమ్మం
చూపించానన్నా. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ పక్కన ఉన్న ఇద్దరూ ఎవరని అడుగుతోంది.